యంత్రంలోకి వెళ్లకముందే పాడైన గుడ్లు

ప్రశ్న: మాకు 60 నాటు పెట్టలు, 6 పుంజులు ఉన్నాయి. నిరుడు దసరాకు 200 గుడ్ల ఇంక్యుబేటర్ కొన్నాం. సంక్రాంతికి ముందు పెట్టిన 200 గుడ్లకు 138 పిల్లలు వచ్చాయి. ఉగాది తర్వాత పెట్టిన 200 గుడ్లలో 7వ రోజు లైటు వేసి చూస్తే 84 ఖాళీగా కనిపించాయి, తీసేశాం. మిగిలిన 116లో 71 మాత్రమే పిల్లలయ్యాయి. 45 పెంకులోనే చచ్చిపోయాయి. అదే రోజుల్లో పశువుల కొట్టంలో పొదిగిన పెట్ట మాత్రం 13 గుడ్లకు 11 పిల్లలను పొదిగింది. మెషిన్ చెడిపోయిందా? పుంజులను మార్చాలా? దుకాణంలో విటమిన్ టానిక్కు ఇచ్చారు, నీళ్లలో కలిపి తాగిస్తున్నాం.
– ఒక రైతు, పుత్తూరు మండలం, తిరుపతి జిల్లా

జవాబు: మీ ఊరి పక్కనే ఎముకలకు కట్టు కట్టేవాళ్లు ఉన్నారు. ఎక్కడ విరిగిందో చేత్తో తడిమి చూడకుండా వాళ్లు కట్టు కట్టరు. మీరు మాత్రం ఎక్కడ విరిగిందో చూడకముందే టానిక్కు కొన్నారు. గుడ్డు పిల్ల కాకపోతే ఎందుకు కాలేదో ఆ గుడ్డులోనే ఉంటుంది, పగలగొట్టి చూడాలి. ఈ మాట నేను ఫోనులో చెప్పినప్పుడు మీరు కొంచెం వెనకాడారు. అయినా తర్వాతి విడతలో 7వ రోజు తీసేసిన గుడ్లలో 20 పగలగొట్టి, ఒక్కొక్కటీ తెల్ల పళ్లెంలో పోసి ఫొటోలు పంపారు. మీ ప్రశ్నకు సగం జవాబు ఆ ఫొటోల్లోనే దొరికింది.

వాటిలో 7 గుడ్లలో పచ్చసొన మీద సన్నటి తెల్ల చుక్క తప్ప ఏమీ లేదు. వాటికి పుంజు కలవలేదు, అవి నిజంగానే ఖాళీ గుడ్లు. 4 గుడ్లలో సన్నటి ఎర్రటి వలయం ఉంది. అంటే పిండం రెండు మూడు రోజులు పెరిగి చనిపోయింది. మిగిలిన 9 గుడ్లు చూడండి. రక్తం చుక్క కూడా లేదు, కానీ పచ్చసొన మీద రూపాయి బిళ్లంత మీగడ రంగు మచ్చ పరుచుకుని ఉంది. లైటులో ఇవి కూడా ఖాళీ గుడ్లలాగే కనిపిస్తాయి. నిజానికి వీటికి పుంజు కలిసింది, పిండం మొదలైంది, రక్తనాళాలు ఏర్పడకముందే చచ్చిపోయింది. ఇరవైలో ఖాళీవి ఏడే అయినప్పుడు తప్పంతా పుంజుల మీద వేయడం న్యాయం కాదు.

ఇక గుడ్లను ఎక్కడ దాచారని అడిగితే, ఇంటి వెనుక రేకుల గదిలో మంచం కింద బుట్టలో పెట్టామన్నారు. 200 నిండేదాకా 10, 12 రోజులు పోగుచేశామన్నారు. అసలు జబ్బు ఇదే. పెట్ట గుడ్డు పెట్టేసరికే లోపల పిండం దాదాపు ఒక రోజు పెరిగి ఉంటుంది. బయటికి వచ్చాక గుడ్డు చల్లబడితే ఆ పెరుగుదల ఆగి, పిండం నిద్రలోకి జారుకుంటుంది. ఇందుకు గుడ్డు వేడి సుమారు 21 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు రావాలి. ఏప్రిల్‌లో మీ రేకుల గది మధ్యాహ్నం ఎంత వేడెక్కుతుందో నేను వేరే చెప్పనక్కరలేదు. ఆ వేడికి పిండం పూర్తిగా నిద్రపోదు, సరిగా పెరగదు. తెల్లవారుజామున కాస్త ఆగి, మధ్యాహ్నం మళ్లీ కదులుతుంది. ఇలా పది రోజులు ఊగిసలాడిన పిండంలో యంత్రంలోకి వెళ్లాక పెరిగే శక్తి ఉండదు. సంక్రాంతికి ముందు కూడా మీరు 12 రోజులే దాచారు. అప్పుడు చలి మీ పొరపాటును కప్పిపెట్టింది.

కొట్టంలోని పెట్ట సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. యంత్రం కంటే పెట్ట మేలని మీరు అనుకుంటున్నారు. దాని కింద పెట్టినవి నాలుగైదు రోజుల గుడ్లని మీరే చెప్పారు. అది కూర్చున్నది తాటాకు కప్పు కింద, నేల మీద. తాజా గుడ్లు, చల్లటి చోటు. అవే గుడ్లను అదే వారం యంత్రంలో పెట్టి ఉంటే, పెట్టతో సమానంగా కాకపోయినా దగ్గరికి వచ్చేవి.

ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని పొదుగు గంపలో ఇనుప ముక్క వేసే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. ఉరుములు వచ్చేది ఉక్కపోత ముదిరిన రోజుల్లోనే కదా. గుడ్లను చంపేది ఉక్క, నింద ఉరుముకు. ఇనుప ముక్క వేసినందువల్ల నష్టమేమీ లేదు, కానీ గంప చల్లటి చోట ఉందో లేదో ముందు చూసుకోండి.

ఇక పెంకులో చచ్చిన 45 గుడ్ల విషయం. వీటిలో 19 గుడ్లకు ముక్కుతో కన్నం పెట్టి పిల్ల అలాగే ఆగిపోయిందని చెప్పారు. బతికిన పిల్లలు కూడా 20వ రోజు పొద్దుటికే వచ్చాయనీ, చాలావాటికి బొడ్డు ఎర్రగా, సరిగా మూసుకోకుండా ఉందనీ చెప్పారు. 21 రోజులు కావలసిన పిల్ల ముందే తొందరపడి వచ్చిందంటే, బొడ్డు మానలేదంటే, లోపల వేడి ఎక్కువైందన్నమాట. యంత్రం మీద అంకె 37.5 డిగ్రీల సెల్సియస్ చూపించిందని మీరు వాదించవచ్చు. ఆ అంకె సెన్సార్ ఉన్న చోటిది, గుడ్డు దగ్గరిది కాదు. ఇంట్లో జ్వరం చూసే థర్మామీటర్ ఉంటుంది కదా, దాన్ని గుడ్ల మధ్య, వాటి పైభాగం ఎత్తులో ఆనించి 10 నిమిషాలు ఉంచి చూడండి. ఫ్యాన్ ఉన్న యంత్రంలో 99.5 నుంచి 100 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి. ఫ్యాన్ లేని పెట్టె అయితే గుడ్ల పైభాగం దగ్గర 101, 102 దాకా ఉండవచ్చు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూడండి. మీకు మధ్యాహ్నం అంకె చూసి ఆశ్చర్యం కలుగుతుందని నా అనుమానం.

ఎందుకంటే మీ యంత్రానికి వేడి చేయడమే తెలుసు, చల్లబరచడం తెలియదు. గది వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటితే అది హీటర్ ఆపేసి ఊరుకుంటుంది, అంతకు మించి దాని చేతిలో ఏమీ లేదు. పైగా 10, 12 రోజులు దాటిన పిండం తనంతట తాను వేడి పుట్టిస్తుంది. గది వేడి, పిండాల వేడి కలిసి గుడ్డును ఉడికిస్తాయి. పొదిగే గది 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. రేకుల కింద అది కుదరదు. యంత్రాన్ని మిద్దె ఇంట్లో ఉత్తరం వైపు గదిలోకి మార్చండి. వెంటనే మార్చలేకపోతే రేకుల మీద తాటాకులు గానీ వరిగడ్డి గానీ మందంగా పరిచి, మధ్యాహ్నం తడపండి.

కరెంటు పోతే కంగారు పడనక్కరలేదు. మొదటి రెండు వారాల్లో గంట, రెండు గంటలు చల్లబడినా పిండం తట్టుకుంటుంది. పొదిగే పెట్ట కూడా మేతకు లేచి వెళుతుంది కదా. మూత తీయకుండా పైన దుప్పటి కప్పండి. మూడో వారంలో మాత్రం ఇందుకు విరుద్ధంగా చేయాలి. ఫ్యాన్ ఆగితే లోపల వేడి, ఉక్క పెరిగి పిల్లలు ఊపిరాడక చస్తాయి, అందుకే మూత కొద్దిగా తెరిచి ఉంచండి. చలి కంటే వేడే గుడ్డుకు పెద్ద శత్రువు.

కన్నం పెట్టి ఆగిన ఆ 19 పిల్లలకు ఇంకో కారణం కూడా ఉంది. పిల్లలను బయటికి లాగేందుకు గంటకోసారి మూత తీశామని మీరే చెప్పారు. తీసిన ప్రతిసారీ తేమ ఎగిరిపోతుంది. పెంకు లోపలి పొర కాగితంలా ఎండి పిల్లను బిగించేస్తుంది. 18 రోజుల దాకా తేమ 50 నుంచి 55 శాతం చాలు. 18వ రోజు గుడ్లు తిప్పడం ఆపి, తేమ 65, 70 శాతానికి పెంచి, తర్వాత మూత ముట్టుకోకండి. తేమ మీటరును నమ్మలేకపోతే తక్కెడను నమ్మండి. 50 గుడ్ల ట్రేను మొదటి రోజు తూచండి. గుడ్ల బరువు 2,200 గ్రాములు ఉంటే 7వ రోజుకు సుమారు 100 గ్రాములు, 18వ రోజుకు 240 నుంచి 285 గ్రాములు తగ్గాలి. అంతకంటే ఎక్కువ తగ్గితే నీళ్ల పళ్లెం పెద్దది చేయండి, తక్కువ తగ్గితే చిన్నది చేయండి. తూచేటప్పుడు ట్రే బరువు తీసేయడం మరచిపోవద్దు. ఈ తప్పు చేసి నాకు ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు.

టానిక్కు ఆపేయండి. మేతలో విటమిన్లు తక్కువైతే పిండాలు ఎక్కువగా రెండో వారంలో చనిపోతాయి. మీ 45లో అలాంటివి నాలుగే. ఆ డబ్బుతో వేసవి నీడకు ఒక పచ్చ వల కొనండి. పది పెట్టలకు ఒక పుంజు సరైన లెక్కే. ఎండకు పుంజుల సత్తువ తగ్గుతుంది కాబట్టి మేత తెల్లవారుజామునే వేయండి, చల్లటి నీళ్లు పెట్టండి. రెండేళ్లు దాటిన పుంజు ఉంటే మార్చండి.

గుడ్లను రోజుకు మూడు నాలుగు సార్లు ఏరండి. కడగవద్దు, పెంకు మీది సహజమైన పూత పోతే లోపలికి క్రిములు చేరతాయి. రెండు కుండల మధ్య తడి ఇసుక పోసి, లోపలి కుండలో వెడల్పు కొన పైకి ఉండేలా పెట్టి, పైన తడి గోనె కప్పండి. గుడ్లు మాత్రం తడవకూడదు. 15 నుంచి 18 డిగ్రీలు మన ఎండల్లో కుండతో రాకపోయినా, మంచం కింది బుట్ట కంటే చాలా నయం. ఫ్రిజ్‌లో మామూలు చల్లదనంలో పెట్టవద్దు, అది మరీ ఎక్కువ. ముఖ్యంగా 200 నిండేదాకా ఆగవద్దు. నాలుగు రోజులకోసారి ఎన్ని ఉంటే అన్ని పెట్టండి, ట్రే మీద తేదీ రాయండి. పిల్లలు వచ్చే మూడు రోజులకు వేరే చిన్న పెట్టె ఉంటేనే ఇలా విడతలుగా పెట్టడం కుదురుతుంది, ఎందుకంటే చివరి రోజుల తేమ మిగతా గుడ్లకు పడదు.

అయితే ఈ మే నెల విషయంలో నా మాట వేరు. కత్తెర ఎండల్లో యంత్రం ఆపేయండి. నాటు గుడ్లకు తినేవాళ్ల దగ్గర మంచి ధరే పలుకుతుంది, అమ్ముకోండి. పొదుగు మీదున్న పెట్టలకు తాజా గుడ్లు 12, 13 పెట్టి కొట్టంలో కూర్చోబెట్టండి. తొలకరి పడి రాత్రులు చల్లబడ్డాక యంత్రం మళ్లీ మొదలుపెట్టి, 7వ రోజు తీసేసిన గుడ్లను పారేయకుండా పగలగొట్టి, ఈసారి మీగడ మచ్చలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చెప్పండి.