పన్ను రాయితీ తీసుకున్నాక పద్దు చూపించాలి కదా!

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా గార మండలం. మా దగ్గర్లో ఒక ప్రైవేటు ట్రస్టు వాళ్ళు పెద్ద విగ్రహం పెట్టి, చుట్టూ పార్కు కట్టి, టిక్కెట్టు మీద నడుపుతామంటున్నారు. ప్రభుత్వ భూమి, పన్ను రాయితీ అడుగుతున్నారట. కుర్రాళ్ళకి పని దొరుకుతుందని కొందరు, భక్తికి సర్కారు సొమ్మెందుకని కొందరు ఊళ్ళో గొడవ పడుతున్నారు. గుడికి రోడ్డు వేసినా తప్పేనా? మీరేమంటారు?

జవాబు: రోడ్డు వేస్తే తప్పెందుకవుతుందండీ? రథసప్తమికి అరసవల్లిలో అర్ధరాత్రి నుంచి లైన్లో నిలబడే ఆడవాళ్ళని మీరూ చూసే ఉంటారు. చంకలో పసిబిడ్డ, చేతిలో కొబ్బరికాయ సంచి, బాత్రూముకి వెళ్తే చోటు పోతుందేమోనని మంచినీళ్ళు కూడా తాగరు. వాళ్ళకి నీళ్ళు, నీడ, మరుగుదొడ్డి ఏర్పాటు చేయడానికి నా పన్ను డబ్బు వాడితే నాకు సంతోషమే. కేంద్రం ప్రసాద్ పథకం పెట్టింది ఇలాంటి వసతుల కోసమే, శ్రీశైలంలో సుమారు 43 కోట్లతో చేసిన పనుల్ని 2022 డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించారు కూడా.

ఒక మతాన్ని ప్రచారం చేయడానికో పోషించడానికో ప్రత్యేకంగా కేటాయించే పన్ను కట్టమని ఎవర్నీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 27వ అధికరణం చెబుతుంది. అయితే వసూలైన పన్నులో పెద్ద వాటా అలా పోతేనే ఉల్లంఘన అని 2011లో, హజ్ యాత్రికులకి ప్రభుత్వం ఇచ్చిన సబ్సిడీ మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు అంది. అంచేత, రూపాయి ఇచ్చినా తప్పేనని వాదిస్తే కోర్టులో నిలవదు.

రాయితీలు ఇప్పటికే ఉన్నాయి. ప్రసాదానికి జీఎస్టీ లేదు, రిజిస్టరైన ధార్మిక ట్రస్టు గుడి ఆవరణలో రోజుకి వెయ్యి రూపాయల లోపు అద్దెకిచ్చే గదికీ లేదు. అద్దె వెయ్యికి చేరిందా, ఆ మినహాయింపు పోతుంది. నాకిది న్యాయంగానే అనిపిస్తుంది, సామాన్య భక్తుడికి ఊరట, వ్యాపారానికి పన్ను.

మీ ఊరి సంగతి అలా లేదు, టిక్కెట్టు పెట్టి నడిపే పార్కుకి రాయితీ అడుగుతున్నారు. ఇలాంటిదే అమెరికాలోనూ జరిగింది. అక్కడ కెంటకీ రాష్ట్రంలో 2016లో బైబిల్ కథలోని నోవహు ఓడ నమూనాతో ఒక పార్కు తెరిచారు. సందర్శకుల దగ్గర వసూలయ్యే అమ్మకపు పన్నులోంచి పదేళ్ళలో దాదాపు కోటీ 80 లక్షల డాలర్ల దాకా తిరిగొచ్చే రాయితీ అడిగారు. తమ విశ్వాసం ఉన్నవాళ్ళకే ఉద్యోగాలిస్తున్నారని రాష్ట్రం కాదంది, ఫెడరల్ కోర్టు మాత్రం 2016 జనవరిలో పార్కు వైపే తీర్పిచ్చింది. నాకైతే ఆ రాష్ట్రం లేవనెత్తిన అభ్యంతరమే సబబనిపిస్తుంది. అందరి పన్నుతో నడిచేచోట టిక్కెట్ కౌంటర్లో కూర్చోబెట్టడానికి కులం, మతం అడిగితే ఎలా?

కాబట్టి గ్రామసభలో గట్టిగా అడగండి. భూమి లీజుకా, శాశ్వతంగానా? పని ఆగిపోతే వెనక్కి వస్తుందా? ఉద్యోగాలు ఎవరికైనా ఇస్తారా? ఏటా లెక్కలు పంచాయతీ బోర్డు మీద అంటిస్తారా? ఇంకోటి, మీ మండలంలోనే శ్రీకూర్మం గుడి ఉంది, శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలున్నాయి, కింద వంశధార కనిపిస్తుంది. టూరిజమే కావాలంటే ముందు అక్కడ తాగునీళ్ళు, బస్సు సంగతి చూడమనండి. నోటిమాట నమ్మొద్దు, ట్రస్టు పెట్టుకున్న దరఖాస్తు కాపీ కోసం సమాచార హక్కు కింద రాయండి, మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాపీ చేతికొచ్చాక గ్రామసభలో అందరికీ వినబడేలా చదివించండి.