ముందు పొలం పట్టుకో, అమ్మలూ

అమ్మలూ,

ఆశీస్సులు. మన వంశవృక్షం రాస్తున్నావని మీ నాన్న చెబితే ఎంత సంతోషం వేసిందో. రెవెన్యూలో పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన దారి చెబుతాను.

పేర్లతో మొదలుపెట్టకు. మనలో తాత పేరు మనవడికి పెడతారు, ఎవరు ఎవరో తేల్చుకోలేక టెన్షన్ పడతావు. ముందు పొలం పట్టుకో. పాత శిస్తు రసీదు మీదో, పట్టాదారు పాస్‌బుక్కులోనో సర్వే నంబరు ఉంటుంది. దాంతో తహసీల్దారు ఆఫీసులో ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్, ఊరి పాత భూముల లెక్క) నకలు, గ్రామపటం అడుగు. ఆర్‌ఎస్‌ఆర్‌లో పాత సర్వే నంబరు, కొత్తది, పట్టాదారు పేరు ఒకే వరసలో ఉంటాయి. ఊళ్లో రీసర్వే అయిపోయి ఎల్‌పీఎం నంబరు (ఒక్కో చెక్కకి ఇచ్చే కొత్త నంబరు) ఇచ్చి ఉంటే, దాని పాత నంబరేదో కనుక్కున్నాకే వెళ్లు.

అసలు కథంతా దస్తావేజుల్లో ఉంటుంది. అందరూ మొదటి పేజీ చదివి వదిలేస్తారు. నువ్వు చివర్లో హద్దులు చూడు. తూర్పు పంటకాలువ, దక్షిణం పుంత, పడమర ఫలానా వారి పొలం, ఉత్తరం ఫలానా వారిది అని ఉంటుంది. ఆ పేర్లు గ్రామపటం మీద పెన్సిలుతో రాసుకో. పక్కపక్క చెక్కల్లో మన ఇంటిపేరే వస్తోందంటే వాళ్లు దాయాదులై ఉండొచ్చు. అప్పుడు రిజిస్ట్రారు ఆఫీసులో పంపకాల దస్తావేజు కోసం వెతికించు. తండ్రి, అన్నదమ్ములు అందులో దొరుకుతారు. ఇంటిపేరు మారిన చోట దత్తత ఉందేమో చూడు.

ఆడవాళ్లను మాత్రం మరిచిపోకు తల్లీ. అడంగల్‌లో, అంటే ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసే లెక్కలో, వాళ్లు అరుదు. పసుపు కుంకుమల కింద రాసిచ్చిన భూముల దస్తావేజుల్లో కనిపిస్తారు, పుట్టింటి పేరుతో సహా. మా నాయనమ్మ పుట్టిల్లు ఏ ఊరో నాకు తెలిసింది అలాంటి కాగితం వల్లే.

ఇంకొకటి. మన భీమవరం తాలూకా 1904 దాకా గోదావరి జిల్లా, ఆ తర్వాత కృష్ణా, 1925 నుంచి పశ్చిమ గోదావరి. పాత సర్కారు కాగితాలు దాచే ఆర్కైవ్స్‌లో ఏ సంవత్సరం కాగితం కావాలో చూసుకుని ఆ జిల్లా పేరుతోనే అడుగు. మద్రాసు ప్రెసిడెన్సీ నాటివి చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లోనూ వెతకాలి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు సెలవు నాలుగు రోజులు ఎక్కువ పెట్టు, పండగ రోజుల్లో ఆఫీసులు తెరవరు. రిజిస్ట్రారు ఆఫీసుకి నేనూ వస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న