అమెరికన్ కవి ఎడ్గార్ అలన్ పో రాసిన ‘ద రేవెన్’ కవితలో కాకికి నిజంగా భవిష్యత్తు తెలుసా?

తెలియదు, ఆ పెద్ద నల్లకాకికి వచ్చింది ‘నెవర్‌మోర్’, అంటే ఇంకెప్పటికీ లేదు, అనే ఒక్క మాటే. దానికి అర్థాలు అంటగట్టేదంతా చనిపోయిన తన ప్రియురాలు లెనోర్‌ని మర్చిపోలేక డిసెంబర్ అర్ధరాత్రి పాత పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న ఆ మనిషే. కష్టాల్లో ఉన్న యజమాని ఎవరో పదే పదే అంటుంటే విని నేర్చుకుని ఉంటుందని మొదట్లో తనే అనుకుంటాడు కూడా. అయినా ఆగడు. జవాబు ఏం వస్తుందో తెలిసిపోయాక, తనని ఎక్కువ బాధపెట్టే ప్రశ్నలే ఏరి ఏరి అడుగుతాడు. 1846లో ఈ కవిత ఎలా కట్టాడో వివరిస్తూ రాసిన వ్యాసంలో పో చెప్పింది కూడా దాదాపు ఇదే.

ఉదాహరణకి, మొదట సరదాగా నీ పేరేంటని అడుగుతాడు, జవాబుకి ఆశ్చర్యపోతాడు, నవ్వు కూడా వస్తుంది. చివరికొచ్చేసరికి స్వర్గంలోనైనా లెనోర్‌ని హత్తుకుంటానా అని అడుగుతాడు. అదే జవాబు, కానీ ఈసారి పొమ్మని అరుస్తాడు. ఆ కాకి మాత్రం తలుపు మీదున్న పాలస్ అనే గ్రీకు జ్ఞానదేవత విగ్రహం మీంచి కదలదు.

చాలామంది పొరబడేది ఇంకోచోట: భార్య వర్జీనియా పోయిన దుఃఖంలో పో దీన్ని రాశాడంటారు. కవిత అచ్చయింది 1845 జనవరిలో, ఆమె చనిపోయింది 1847 జనవరిలో. అప్పటికే ఆమె క్షయతో బాధపడుతోంది కాబట్టి ఆ భయం కవితలోకి వచ్చి ఉండొచ్చు (నాకైతే అలాగే అనిపిస్తుంది), కానీ జరిగిపోయిన చావు గురించి రాసింది మాత్రం కాదు.