బొద్దుగా ఉన్న పిల్లాడికి రక్తం తక్కువ ఉంటుందా?

మూడేళ్ల బాబు అన్నం ముట్టడు, రోజంతా పాలు, బిస్కెట్లే, అయినా బొద్దుగా ఉన్నాడు కాబట్టి పర్వాలేదా అని అడిగారు. బొద్దుతనం ఆరోగ్యానికి గుర్తు కాదండి. రక్తం పట్టడానికి ఇనుము కావాలి, పాలలో అది చాలా తక్కువ. పైగా వాటితోనే కడుపు నిండిపోయి పప్పన్నం లోపలికి పోదు. అందుకే బరువు బాగున్నా రక్తహీనత ఉండొచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి అది కనిపించింది. పాలు రోజుకు రెండు చిన్న గ్లాసులు చాలు. గుడ్డు, నిమ్మరసం పిండిన ఆకుకూర పప్పు పెట్టండి; నిమ్మలోని సి విటమిన్ వల్ల ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఫోన్ చూపిస్తూ మాత్రం కుక్కకండి (మా ఇంట్లోనూ ఆ తప్పు జరిగింది), కడుపు నిండిన సంగతి వాడికే తెలియదు. ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.