ఫొటో లేకుండానే అక్కడి గాలుల సంగతి ఎలా చెబుతారు?

ప్రశ్న: 280 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న వాస్ప్-43బి గ్రహం మీద రాత్రివైపు దట్టమైన మబ్బులున్నాయని, గంటకు 8 వేల కిలోమీటర్ల వేగంతో గాలులు వీస్తున్నాయని చదివాను. అవన్నీ నిజంగా కనిపించాయా, ఊహించి రాసేశారా?
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: మబ్బులు కాదు కదా, ఆ గ్రహమే ఎవరికీ విడిగా కనిపించలేదండీ. వార్తతో పాటు వేసే రంగుల బొమ్మ ఆర్టిస్టు గీసింది (ఆ మాట కింద సన్నక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరు). టెలిస్కోపుకి అందేది నక్షత్రం, గ్రహం కలిసిపోయిన ఒక్క చుక్క. ఆ వెలుగు గంట గంటకీ ఎలా మారిందో గీస్తే వచ్చేదే లైట్ కర్వ్. మిగతాదంతా తీసివేత లెక్క.

గ్రహం నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు వెలుగు తగ్గుతుంది, ఈ గ్రహం తిరిగే వాస్ప్-43 నక్షత్రం విషయంలో నూటికి రెండున్నర వంతులు. గ్రహం చుట్టూ ఉన్న వాయువులు కొన్ని రంగుల్ని పీల్చుకుంటాయి కాబట్టి ఆ రంగుల్లో ఇంకాస్త ఎక్కువ తగ్గుతుంది. 2022లో వాస్ప్-39బి అనే ఇంకో గ్రహం మీద కార్బన్ డయాక్సైడు ఇలాగే దొరికింది. కానీ దీంతో తెలిసేది గ్రహం అంచున ఉన్న గాలి గురించే.

పగలు, రాత్రి తేడా తెలియాలంటే చుట్టు మొత్తం చూడాలి. వాస్ప్-43బికి ఒక చుట్టు 19.5 గంటలే, అందుకే జేమ్స్ వెబ్ టెలిస్కోపు దాన్ని 24 గంటలకు పైగా, వేడిని పట్టిచ్చే పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిలో కన్నార్పకుండా చూసింది. మన చంద్రుడు భూమికి ఒకే ముఖం చూపినట్టు ఈ గ్రహం తన నక్షత్రానికి ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తుంది. అది నక్షత్రం ముందుకొచ్చినప్పుడు మనవైపు ఉండేది చీకటి ముఖం, అంటే అమావాస్య అనుకోండి. అక్కణ్నుంచి పగటివైపు కొద్దికొద్దిగా మనకేసి తిరుగుతూ, సరిగ్గా పున్నమి వేళకి గ్రహం నక్షత్రం చాటుకి పోతుంది. అప్పుడు మనకొచ్చేది నక్షత్రం వెలుగొక్కటే. దాన్ని మిగతా సమయాల వెలుగులోంచి తీసేస్తే గ్రహం వేడి మిగులుతుంది: పగటివైపు దాదాపు 1250 డిగ్రీల సెల్సియస్, రాత్రివైపు 600.

మబ్బుల్లేకపోతే రాత్రివైపు అంతకంటే వేడిగా కనిపించాలి, కాబట్టి వేడిని అడ్డుకునేదేదో పైన ఉందన్నారు. మన వాన మబ్బుల్లాంటివి కావవి, రాతి ఖనిజాలతో అయ్యుండాలి.

గాలి వేగం కథ నాకు ఇంకా నచ్చింది. 600 డిగ్రీల దగ్గర మీథేన్ తయారవ్వాలి, వెతికితే దొరకలేదు. రసాయన చర్య జరిగే టైము కూడా ఇవ్వకుండా గాలి వాయువుల్ని పగటివైపు నుంచి రాత్రివైపుకి, మళ్లీ వెనక్కి ఈడ్చుకుపోతుంటేనే అలా కుదురుతుంది, అందుకు కావాల్సిన వేగం గంటకు సుమారు 8 వేల కిలోమీటర్లు. పైగా లైట్ కర్వ్ శిఖరం పున్నమికి కాస్త ముందే వచ్చింది, అంటే బాగా వేడెక్కిన చోటు నట్టనడుమ కాకుండా తూర్పుకి జరిగి ఉంది, గాలి అటే తోస్తోందని దానర్థం. కాబట్టి మబ్బులూ గాలులూ కళ్లతో చూసినవి కావు, అలాగని గాలిలో మేడలూ కావు, కొలిచిన వేడికి సరిపోయిన వివరణలు.

చేత్తో చేసి చూడాలనుంటే ఇలా నక్షత్రాల వెలుగు తగ్గడాన్ని కనిపెట్టే నాసా వారి టెస్ ఉపగ్రహం డేటా అందరికీ ఉచితం. అందులో వాయువులు తెలియవు గానీ ఆ రెండున్నర శాతం పల్లాన్ని మీరే గీసుకోవచ్చు.