అనుమానమా, సందేహమా?

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. క్లాసులో లేచి "సార్, నాకో అనుమానం" అన్నాడట. తెలుగు మాస్టారు "అనుమానం పోలీసులకుండాలి, విద్యార్థికి ఉండాల్సింది సందేహం" అని కూర్చోబెట్టారట. ఇంట్లో మా మామగారు మరో మాట అంటున్నారు. తర్కశాస్త్రంలో అనుమానమంటే నిశ్చయంగా తెలుసుకోవడమేనట, దాన్ని సందేహానికి వాడటమే పెద్ద తప్పట. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అబ్బాయి మాటలో తప్పేమీ లేదమ్మా. ముందు ఇది చెప్పేస్తే మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

మీ మామగారు చెప్పింది శాస్త్రం ప్రకారం సరైనదే. తర్కానికి పెద్దపీట వేసే న్యాయదర్శనంలో జ్ఞానానికి నాలుగు దారులు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. కొండ మీద పొగ కనిపించింది, పొగ ఉన్నచోట నిప్పుంటుందని వంటింట్లో చూసి తెలుసుకున్నాం, కాబట్టి అక్కడ నిప్పుంది. ఇదీ అనుమానం. మానం అంటే కొలత. కనిపించినదాని వెంట నడిచి కనిపించనిదాన్ని కొలవడమన్నమాట. సందేహానికి అక్కడ వేరే పేరుంది, సంశయం. మన తెలుగువాడేనని చెప్పుకునే తర్కపండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో దానికిచ్చిన ఉదాహరణ చూడండి: మసక వెలుతురులో దూరంగా ఏదో నిలబడి ఉంది, అది చెట్టు మోడా, మనిషా? మనసు అటూ ఇటూ ఊగుతుంది. అంటే శాస్త్రంలో అనుమానం తేల్చేది, సంశయం తేలనిది. రెండూ ఎదురెదురు గట్ల మీద ఉన్నాయి.

తెలుగు నోట పడ్డాక ఆ మాట గట్టు మారింది. పొగను చూసి నిప్పుంటుందని అనుకోవడంలో 'అనుకోవడం' మనకు మిగిలింది, 'తేల్చుకోవడం' జారిపోయింది. హిందీలో ఇదే మాట అంచనా దగ్గర ఆగింది, వాతావరణ సూచనను కూడా వాళ్ళు ఆ మాటకు ముందు 'పూర్వ' చేర్చి చెబుతారు. కన్నడంలో మనకులాగే శంక దాకా వచ్చింది. ఒకే ఇంట్లోంచి బయల్దేరి తలా ఒక ఊళ్ళో స్థిరపడిన అన్నదమ్ముల్లాంటి అర్థాలివి. ఎవరినీ దొంగ అనలేం.

మాస్టారికి పోలీసులెందుకు గుర్తొచ్చారో కూడా ఊహించవచ్చు. అనుమానం పెనుభూతం, అనుమానం మొగుడు, పేపర్లో అనుమానాస్పద మృతి... ఈ నీడలన్నీ ఆ మాట మీద పడ్డాయి. మనిషి మీద పెట్టుకునేది అనుమానమే. "వాడి మీద నాకు అనుమానం" అంటాం గానీ "వాడి మీద నాకు సందేహం" అనం. విషయం గురించైతే రెండూ చెల్లుతాయి. అనుమానం తీర్చుకుంటాం, సందేహమూ తీర్చుకుంటాం. (సందేహం కూడా ఏమంత శుభ్రమైన మాట కాదు లెండి. పూయడం అనే అర్థమున్న 'దిహ్' ధాతువు నుంచి పుట్టింది. మసి పూసినట్టు ఆనవాలు తెలియకపోవడమే సందేహం. దేహానికీ ఆ ధాతువే మూలం.)

ఇక నా సంగతి. మాస్టారిని నేనేమీ అనలేను, ఎందుకంటే పాతికేళ్ళు నేనూ అదే చేశాను. పిల్లల పేపర్లలో 'అనుమానం' కనిపిస్తే ఎర్ర సిరాతో కొట్టేసి పైన 'సందేహం' అని రాసేవాణ్ణి. నిఘంటువు చూడాలని కూడా తోచలేదు. తెలిసిన విషయానికి నిఘంటువు ఎందుకు?

ఒక సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు మా అమ్మ రాత్రి గుళ్ళో పురాణం విని వచ్చింది. బడి ముఖం చూడని మనిషి. నేను వరండాలో కూర్చుని పేపర్లు దిద్దుకుంటున్నాను. "నాకో అనుమానంరా అబ్బాయ్" అంది. "ప్రహ్లాదుడేమో ఇందుగలడందు లేడని సందేహము వలదు అన్నాడు గదా. ఏనుగేమో కలడో లేడో అంది. అనుమానపడ్డ ఏనుగు కోసం కూడా స్వామి పరిగెత్తుకొచ్చాడే, అదెట్లా?"

చేతిలో ఎర్ర పెన్ను ఉంది. దిద్దబుద్ధి కాలేదు. ఎవరి మీదా అనుమానం లేని ఆ అనుమానానికి సంస్కృతంలో జిజ్ఞాస అని గొప్ప పేరు. పిపాస అంటే తాగాలని కోరిక, జిజ్ఞాస అంటే తెలుసుకోవాలని కోరిక, రెండూ ఒకే అచ్చులో పోసిన మాటలు. మా అమ్మకు ఆ దాహం ఉంది, దానికామె పెట్టుకున్న పేరు అనుమానం. తప్పని నేనెలా అనగలను?

ఆ రాత్రే పోతన పద్యం మళ్ళీ చూసుకున్నాను. అర్థం కోసం కాదు, క్రియల చివర్ల కోసం. గజేంద్రుడు 'కలడందురు' అని మూడుసార్లు అంటాడు. అందురు, అంటే ఎవరో చెప్పగా విన్నది. శబ్ద ప్రమాణం. నాలుగో పాదంలో 'కలడో లేడో'. ఆ ఓ-కారం అచ్చమైన సంశయం, అన్నంభట్టు మోడూ మనిషీ అందులోనే ఉన్నారు. ఇంత తేడాను మన భాష ఒక్క అచ్చుతో చెప్పేస్తుంది. రోజువారీ మాటల్లోనూ అంతే. కళ్ళతో చూస్తే వాన పడింది. పొద్దున్నే లేచి తడి నేల చూస్తే రాత్రి వాన పడినట్టుంది. పక్కింటావిడ చెబితే వాన పడిందట. ఏదీ తేలకపోతే వాన పడిందో లేదో. ఆ 'పడినట్టుంది' ఉంది చూశారూ, మీ మామగారి తర్కశాస్త్రపు అనుమానం అదే. పేరు అర్థం మార్చుకుంది గానీ పని ఎక్కడికీ పోలేదు, క్రియ చివర కూర్చుని రోజూ చేస్తూనే ఉంది.

తర్కసంగ్రహంలో సంశయం పక్కనే ఇంకో దోషం కూడా ఉంది, విపర్యయం. ముత్యపు చిప్ప తళతళ చూసి వెండి అనుకోవడం. అందులో ఊగిసలాట ఉండదు, వెండేనని గట్టి నమ్మకం. నా ఎర్ర సిరా ఈ కోవలోకి వస్తుంది. సంశయం కలిగి ఉంటే ఏ నిఘంటువో తీసేవాణ్ణి.

ఈ తగువులో మూడో మనిషి కూడా దూరాడు, డౌటు. మీవాడి స్నేహితులు అనుమానం, సందేహం రెండూ అనరు, "సార్, డౌటు" అంటారు. "నన్ను డౌట్ పడుతున్నావా?" అనీ అంటారు. పోలీసు పనికీ విద్యార్థి పనికీ ఒక్కటే మాట. ఇంకో ముప్పై ఏళ్ళకు ఈ జవాబు పాతబడిపోతే నాకేం ఆశ్చర్యం ఉండదు. ప్రస్తుతానికి పరీక్షలో మాత్రం 'సందేహం' అని రాయమనండి, మార్కులు దిద్దే చేతిలో ఎలాంటి పెన్ను ఉంటుందో నాకు తెలుసు. క్లాసులో ఏ మాటతో అడిగినా అడగనివ్వండి.

అన్నట్టు, మా అమ్మ ప్రశ్నకు ఆ రాత్రి నేను చెప్పిన జవాబు ఒకటే మాట. "ఏమోనమ్మా" అన్నాను. ఏమి మీద ఆ ఓ-కారం చేరితే ఏమో.