వాటర్‌షెడ్ పెత్తనం: ఊరి కమిటీకా, శాఖకా?

వాటర్‌షెడ్ పనులు, అంటే ఒక వంకలోకి నీళ్ళు చేరే నేలంతటా వాన నీటినీ మట్టినీ నిలిపే పనులు, ఊరి కమిటీ చేతుల్లో ఉంటే మేలా, ప్రభుత్వ శాఖ చేతుల్లో ఉంటే మేలా అని అడిగారు. ఏ పని ఎక్కడ చేయాలన్నది ఊరివాళ్ళు తేల్చాలి. కూలి డబ్బుల తనిఖీ, వంక మొత్తం మీద నీళ్ళ లెక్క మాత్రం పైనున్న శాఖవాళ్ళు చూడాలి. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు ఒక కమిటీకి లెక్కలు రాసిన అనుభవంతో చెబుతున్నా. అప్పట్లో కేంద్రం వేసిన హనుమంతరావు కమిటీ సిఫార్సులతో వచ్చిన మార్గదర్శకాలు 1995 నుంచి అమలయ్యాయి. సుమారు 500 హెక్టార్లు ఒక వాటర్‌షెడ్, డబ్బు కమిటీ ఖాతాలో పడేది.

వాన గట్టిగా పడితే వంక ఏ ఒడ్డును కోస్తుందో ఊళ్ళో అందరికీ తెలుసు. జేఈ (జూనియర్ ఇంజనీర్) గారు చెక్‌డ్యామ్‌కు గుర్తు పెట్టింది మాత్రం సిమెంటు లారీ తిరగడానికి వీలున్న చోట! పట్టుబట్టి పైకి జరిపించాం.

అలాగని కమిటీ అంటే ఊరంతా అనుకోకండి. రాతికట్టలు ముందు ఎవరి చేలో పడ్డాయో చూస్తే కమిటీలో ఎవరున్నారో చెప్పేయొచ్చు. మిట్ట నుంచి పల్లానికి రావాలన్నది రూలు. మిట్టన ఉన్నవేమో డి-పట్టా భూములు, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి. ఆ రైతులు మీటింగు వేళకు కూలికి పోయి ఉండేవారు. ఇక రైతు వాటా సంగతి. అప్పట్లో సొంత చేలో పనికి 10 శాతం, ఉమ్మడి పనికి 5 శాతం కట్టాల్సి ఉండేది. మస్టర్‌లో (కూలీల హాజరు పట్టీలో) కూలి నిండుగా రాసి, చేతికిచ్చేటప్పుడు ఆ మేరకు కోసేవారు. రికార్డులో దాని పేరు శ్రమదానం. సెంటు భూమి లేని కూలీ పెద్ద రైతు చేనికి వాటా కట్టినట్టన్నమాట. ఊళ్ళో మొహమాటాల మధ్య దీన్ని నిలదీసేవాళ్ళు ఉండరు, బయటి మనిషే రావాలి.

పై ఊళ్ళలో వంక పొడవునా చెక్‌డ్యాములు కట్టారు, వాళ్ళ బోర్లు తేరుకున్నాయి. కిందున్న మా చెరువు నిండి మరువ పారడం అరుదైపోయింది. బోర్లు కూడా విపరీతంగా పెరిగాయి కాబట్టి నెపమంతా చెక్‌డ్యాముల మీద వేయలేం. కానీ ఈ మాట ఎత్తడానికి పై ఊరి కమిటీలో మాకు చోటేది? 2008 ఉమ్మడి మార్గదర్శకాలు ఒక్కో ప్రాజెక్టు యూనిట్‌ను 500 హెక్టార్ల నుంచి 1000-5000 హెక్టార్ల స్థాయికి పెంచడం ఈ విషయంలో నయమే, పై ఊరూ కింది ఊరూ ఒకే లెక్కలోకి రావచ్చు.

బోర్ల దగ్గర మాత్రం పై పెత్తనం పని చేయదు. 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) ప్రకారం బోరుకు అనుమతి కావాలి, నిజమే. రిగ్గు రాత్రి వచ్చి తెల్లారేసరికి పోతే ఎవరాపుతారు? ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే, రైతులే భూగర్భజలాలను చూసుకునే ప్రాజెక్టులో 7 కరువు జిల్లాల రైతులు తామే బోర్లలో నీటిమట్టం కొలిచి, రబీకి ముందు నీళ్ళ లెక్క వేసుకునేవారు. ఏ పంట మీదా నిషేధమేమీ లేదు. లెక్క అందరి ముందూ ఉంటే వరి వేసేవాడు కాస్త ఆలోచిస్తాడు.

మీ గ్రామసభలో ఒకటి అడగండి: ప్రాజెక్టు ముగిశాక పూడిక తీయడానికి ఉంచే వాటర్‌షెడ్ అభివృద్ధి నిధి మీద సంతకాలు ఎవరివి? మా దగ్గర జాయింట్ సంతకంలో ఒకాయన పోయాక ఆ ఖాతా కదల్లేదు.